వీఆర్‌ఎస్ 230కి ఐఎస్38 టర్బో: హైదరాబాద్ ఎండల్లో 350 పీఎస్ నిలుస్తుందా?

నల్లకుంట నాలుగు చక్రాలు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2017 నాటి స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230 ఉంది. రెండేళ్ల క్రితం మొదటి యజమాని దగ్గర కొన్నాను. ఇప్పటికి 71,000 కిలోమీటర్లు తిరిగింది. 1,984 సీసీ టర్బో (పొగ వేగంతో తిరుగుతూ గాలిని నొక్కి లోపలికి పంపే పరికరం) పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్. కంపెనీ లెక్కలో 230 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 350 న్యూటన్ మీటర్ల టార్క్. నిరుడు దసరాకు ముందు ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) స్టేజ్ 1 ట్యూన్, అంటే సాఫ్ట్‌వేర్‌తోనే శక్తి పెంచే మార్పు, వేయించాను. అంతకు మించి బండిలో ఒక్క భాగం కూడా మార్చలేదు.

ట్యూన్ వేయించిన కొత్తలో, అంటే చలికాలం పొద్దుటిపూటల్లో, నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బండి లాగే తీరు చూసి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటైందని అనుకున్నాను. ఏప్రిల్ నుంచి మాత్రం కథ మారింది. మధ్యాహ్నం రాయదుర్గం నుంచి బయలుదేరి అరగంట ట్రాఫిక్‌లో నలిగి, చివరికి ఖాళీ రోడ్డు దొరికి యాక్సిలరేటర్ తొక్కితే, 4,500 ఆర్‌పీఎం దాటిన తర్వాత పికప్ చప్పబడుతోంది. ట్యూన్ లేనప్పుడే నయమనిపించిన రోజులు కూడా ఉన్నాయి.

షెడ్డులో చూపిస్తే, కంపెనీ బిగించిన ఐఎస్20 టర్బో చిన్నదని, పై ఆర్‌పీఎంలో దానికి ఊపిరి చాలడం లేదని, గోల్ఫ్ ఆర్ కారులో వచ్చే ఐఎస్38 టర్బో పెట్టిస్తే 350 నుంచి 370 పీఎస్ వరకు ఖాయమని చెప్పారు. గోల్ఫ్ ఆర్‌లో అదే కుటుంబపు ఇంజిన్, అదే టర్బోతో కంపెనీయే 300 పీఎస్ ఇచ్చింది కాబట్టి వారి మాటలో తర్కం కనిపిస్తోంది. అయితే ఇంత డబ్బు పోసే ముందు, టర్బో మారిస్తే నిజంగా ఈ మధ్యాహ్నపు నీరసం పోతుందా, డీఎస్‌జీ ఆ బరువు మోయగలదా, మన ఊళ్లో దొరికే పెట్రోలుతో ఆ శక్తిని నమ్ముకోవచ్చా అన్న సంగతులు అనుభవం ఉన్నవారు చెబితే వినాలని ఉంది. బండిని రోజూ ఆఫీసుకు వాడతాను. ఏడాదికి ఒకటి రెండు సార్లు ట్రాక్ మీదికి తీసుకువెళ్లాలన్న కోరిక కూడా ఉంది.

ఆటోనగర్ పాతకాపు

షెడ్డువారు చెప్పింది పూర్తిగా తప్పని నేను అనను గానీ, వారు నాడి చూడకుండా మందు రాశారు. చలికాలంలో బాగా లాగిన బండి ఎండాకాలంలో లాగకపోతే, ఈ మధ్యలో టర్బో పరిమాణం తగ్గలేదు కదా. మారింది గాలి వేడి, లేదా పెట్రోలు, లేదా ఎక్కడో ఒక రబ్బరు పైపు వదులైంది. ఈ మూడింటిలో ఏదో తేలకుండా టర్బో విప్పించడం నాకు నచ్చని పని. ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

మీ ఇంజిన్‌లో ఈసీయూ ప్రతి క్షణం ఇంత బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం) కావాలని అడుగుతుంది, వచ్చినదెంతో సెన్సర్ ద్వారా కొలుస్తుంది, తేడాను బట్టి వేస్ట్‌గేట్‌ను (పొగను టర్బోకు తగలకుండా పక్కకు వదిలే తలుపును) తెరుస్తుంది లేదా మూస్తుంది. ఈ తరం ఇంజిన్‌లో వేస్ట్‌గేట్‌ను ఎలక్ట్రిక్ మోటారు కదిలిస్తుంది గనుక దాని స్థానం కూడా లాగ్‌లో (సెన్సర్ల అంకెల రికార్డులో) నమోదవుతుంది. రోగం పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. అడిగిన బూస్ట్ కన్నా వచ్చిన బూస్ట్ తక్కువగా ఉండి, వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుని ఉంటే, టర్బో తన శక్తినంతా పెడుతున్నా గాలి చేరడం లేదని అర్థం. అప్పుడు లీకును వెతకాలి, లీకు లేదని తేలాకే టర్బో చిన్నదనే మాట ఎత్తాలి. అడిగినంత బూస్ట్ వస్తూ కూడా బండి లాగకపోతే, ఇగ్నిషన్ టైమింగ్ చూడాలి. నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి తానుగా పేలడం) మొదలవుతోందని సెన్సర్ చెప్పగానే ఈసీయూ ఆ సిలిండర్‌లో స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, పికప్ చస్తుంది. ఇక టైమింగ్ కూడా బాగానే ఉండి పెట్రోలు రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో) ఒత్తిడి పడిపోతుంటే, పంపు అందించలేకపోతోందని తెలుస్తుంది. మీ ఇంజిన్‌లో పూర్తి లోడు మీద అది 200 బార్ల దగ్గర నిలబడాలి.

కాబట్టి మొదట లాగ్ తీయించండి. మూడో గేరులో 2,500 నుంచి 6,000 ఆర్‌పీఎం వరకు ఒకే లాగుడు కావాలి. దాన్ని దయచేసి ఔటర్ మీద చేయకండి. మూడో గేరు చివరికి వెళ్లేసరికి అక్కడి 120 కిలోమీటర్ల పరిమితి దాటిపోతారు, పక్క లేన్లలో లారీలు 80కి లోబడి వెళుతుంటాయి. డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీద చేయించండి. ముందు పెట్టే ఫ్యాను గాలి రోడ్డు మీది గాలికి సాటి రాదు గనుక వేడి కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది గుర్తుంచుకుంటే చాలు.

దానికన్నా ముందు ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు సున్నా. టర్బో ముందున్న గాలి పైపు మూతికి బిరడా బిగించి, కంప్రెసర్‌తో లోపలికి ఒక బార్ వరకు గాలి ఎక్కించి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు చల్లాలి. ఎక్కడ నురగ పొంగితే అక్కడ లీకు. ఇంటర్‌కూలర్‌కు (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరచేదానికి) వచ్చీ పోయే హోస్ పైపులు, వాటి క్లాంపులు, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది) తప్పకుండా చూడాలి. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో కూడా చెప్పండి. ట్యూన్ చేసిన బండిలో గ్యాప్ పెరిగిన పాత ప్లగ్గు ఎక్కువ బూస్ట్ దగ్గర స్పార్క్ ఇవ్వలేక తడబడుతుంది, అది కూడా అచ్చం చప్పబడిన పికప్ లాగే అనిపిస్తుంది.

ఇంకొక మాట. మీ స్టేజ్ 1 మ్యాప్ (ట్యూన్‌లోని సెట్టింగులు) ఎంత ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలుకు రాసినదో వేసినవారిని అడిగి రాయించుకున్నారా?

నల్లకుంట నాలుగు చక్రాలు

పాతకాపు గారూ, ధన్యవాదాలు. మ్యాప్ 97 ఆక్టేన్ పెట్రోలుకు రాసినదట. చలికాలంలో ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోలు) మాత్రమే పోయించేవాణ్ని. తర్వాత ఆ బంకు దారి మారినందువల్ల మామూలు పెట్రోలుకు వచ్చేశాను. ఇది నేను మొదటి ప్రశ్నలో రాయవలసిన విషయం, మరచిపోయాను. ప్లగ్గులు 58,000 కిలోమీటర్ల దగ్గర మార్చారని పాత బిల్లు చెబుతోంది.

శనివారం సాయంత్రం డైనో మీద లాగ్ తీయించాను. బయట 39 డిగ్రీలు. 4,500 ఆర్‌పీఎం తర్వాత ఈసీయూ అడిగిన పీడనం 2,350 మిల్లీబార్లు, వచ్చినది 2,120. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకునే ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి లాగుడు చివరికి 64 డిగ్రీలు. రెండు, మూడు సిలిండర్లలో టైమింగ్ 5 డిగ్రీల దాకా వెనక్కి పోయింది. పెట్రోలు ఒత్తిడి 200 బార్ల దగ్గర నిలకడగా ఉంది. చక్రాల దగ్గర 240 పీఎస్ వచ్చిందని, వాతావరణ సవరణ తర్వాత 262 అని డైనో కాగితం మీద రాసి ఇచ్చారు. సబ్బు నీళ్ల పరీక్షకు వచ్చే వారం సమయం దొరికింది.

లెక్కల పంతులు

ఇంజినీరింగ్ కళాశాలలో థర్మోడైనమిక్స్ చెప్పుకునేవాణ్ని. మీ అంకెలు చూశాక చేయి ఊరుకోలేదు, మన్నించాలి.

మొదట ఆ 262 సంగతి. వాతావరణ సవరణ అనేది గాలి పలచబడితే శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందన్న ఊహ మీద కట్టిన లెక్క, అది టర్బో లేని ఇంజిన్‌కు సరిగ్గా సరిపోతుంది. మీ ఈసీయూ మాత్రం బయట పీడనం ఎంతైనా లోపల 2,350 మిల్లీబార్లు కావాలని అడుగుతుంది. బయట తక్కువైతే టర్బోను మరింత తిప్పి ఆ లోటు పూడుస్తుంది. టర్బో అప్పటికే పూడ్చిన లోటుకు డైనో మళ్లీ తొమ్మిది శాతం కలిపి ఇస్తున్నది. కనుక మీరు 240 అంకెనే నమ్మండి. మార్పుకు ముందూ తర్వాతా ఒకే డైనో మీద, ఒకే వేళకు, సవరణ లేని అంకెలను పోల్చుకుంటే చాలు.

అయితే లోటు పూడ్చడం ఉచితంగా జరగదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది, మద్రాసు తీరంలో 1,013. అక్కడ 2,350కి చేరాలంటే టర్బో గాలిని 2.32 రెట్లు నొక్కాలి, ఇక్కడ 2.47 రెట్లు నొక్కాలి. చూడడానికి చిన్న తేడాయే గానీ, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు అడుగున వేలు పెట్టి చూసిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. 39 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ 2.47 రెట్లు నొక్కితే, టర్బో నుంచి బయటికి వచ్చే గాలి దాదాపు 170 డిగ్రీలు ఉంటుంది. అదే గాలి తీరంలో అయితే 160.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. పెద్ద టర్బో పెడితే అది తన అనువైన పరిధిలో తిరుగుతుంది గనుక సామర్థ్యం 76 శాతం వరకు రావచ్చునని ఉదారంగా అనుకుందాం. అప్పుడు కూడా అదే బూస్ట్ దగ్గర బయటికి వచ్చే గాలి 160 డిగ్రీలు. అంటే మీరు లక్షలు పోసి కొన్నది పది డిగ్రీలు. ఆ తర్వాత ఆ గాలి వెళ్లేది మీ పాత ఇంటర్‌కూలర్‌లోకే. మీ లాగ్‌లో 170 దగ్గర మొదలైన గాలి 64కి దిగింది, బయట 39 ఉంది. అంటే తీయగలిగిన వేడిలో సుమారు 81 శాతం తీస్తున్నది. 90 శాతం తీసే ఇంటర్‌కూలర్ ఉంటే అదే గాలి 52 డిగ్రీలకు వస్తుంది. సాంద్రత లెక్కలో దాదాపు నాలుగు శాతం లాభం, ఆ పైన నాకింగ్ తగ్గి టైమింగ్ తిరిగి వస్తే కలిగే లాభం వేరు. నా లెక్కలో రెండోదే పెద్దది.

ట్రాఫిక్‌లో అరగంట నలిగిన తర్వాతే పికప్ పోతోందని మీరు రాసిన మాట కూడా ఇక్కడే అతుకుతుంది. బండి కదలకపోతే ఇంటర్‌కూలర్ మీదికి గాలి రాదు. దాని అల్యూమినియం రెక్కలు వెనుక రేడియేటర్ వేడికి నానిపోయి, మీరు తొక్కే సమయానికి చల్లబరచే వస్తువుగా కాక వేడి పెనంలా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు నిదానంగా నడిపి గాలి తగలనిస్తే తేడా మీకే తెలుస్తుంది.

పెట్రోలు విషయం. నేడు మామూలు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. ఆ మేరకు నాకింగ్‌కు మంచిదే. కానీ అచ్చమైన పెట్రోలుకు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఈ20కి 13.5 పాళ్లే సరిపోతుంది. అంటే అదే గాలికి తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మీ పంపు ఇప్పుడు నిలకడగా ఉన్నా, 350 పీఎస్ గాలికి ఈ తొమ్మిది శాతం కూడా కలిస్తే నిలుస్తుందా అన్నది టర్బో కొనేముందు అడగవలసిన ప్రశ్న. పైగా ఈ20కి తగిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది; మీది అంతకు చాలా ముందరి బండి.

మల్కాజిగిరి ఎర్ర వీఆర్‌ఎస్

ఇదే బండి, ఇదే టర్బో మార్పు చేయించి పద్నాలుగు నెలలైంది కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. పంతులు గారి లెక్కలతో నాకు పేచీ లేదు గానీ, ఆయన ఒకే బూస్ట్ దగ్గర రెండు టర్బోలను పోల్చారు. ఐఎస్38 పెట్టించుకునేది ఒకే బూస్ట్ కోసం కాదు, 5,000 దాటిన తర్వాత కూడా ఆ బూస్ట్‌ను నిలబెట్టడం కోసం. చిన్న టర్బో 3,000 దగ్గర 430 న్యూటన్ మీటర్లు ఇచ్చి వీపును సీటుకు అదుముతుంది, 6,000కి వచ్చేసరికి 340కి దిగిపోతుంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,022తో భాగిస్తే పీఎస్ వస్తుంది; ఆ లెక్కన అక్కడ 290. పెద్ద టర్బో అదే 6,000 దగ్గర 410 ఇవ్వగలిగితే 350 పీఎస్ అవుతుంది. షెడ్డువారు చెప్పిన అంకె గాలిలో మేడ కాదు, ఎక్స్‌పీ100 పోస్తే నా బండిలో అది వచ్చింది.

వచ్చిన తర్వాత ఏమైందో చెప్పాలి. కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర సిగ్నల్ పడి లేచినప్పుడు 1,500 నుంచి 2,500 మధ్య పాత టర్బో ఇచ్చిన చురుకు ఇప్పుడు లేదు. బూస్ట్ పూర్తిగా రావడానికి ఇంకొన్ని వందల ఆర్‌పీఎం ఆగాలి. ఊళ్లో నా ప్రయాణంలో తొంభై పాళ్లు జరిగేది ఆ ఆర్‌పీఎంలోనే గనుక, రోజువారీ లెక్కలో బండి మందగించిందని నిజాయితీగా ఒప్పుకుంటాను. మా ఆవిడ అయితే పాత టర్బోనే తిరిగి పెట్టించమని నెలకోసారి గుర్తు చేస్తుంది.

రెండోది గేర్‌బాక్స్. మన ఆరు గేర్ల డీఎస్‌జీ నూనెలో మునిగి ఉండే క్లచ్‌లు గలది, ఏడు గేర్ల పొడి క్లచ్ రకం కన్నా గట్టిది. అయినా దాన్ని తొలుత రూపొందించింది 350 న్యూటన్ మీటర్లకు. నేను మొదట్లో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ట్యూన్ వేయించలేదు, అది నా పిసినారితనం. మూడు నెలల్లో నాలుగో గేరులో క్లచ్ జారడం మొదలైంది. ఆర్‌పీఎం ఎగిరేది, బండి ముందుకు పోయేది కాదు. చివరికి క్లచ్ ప్యాకులు మార్పించి, క్లచ్‌ను అదిమే ఒత్తిడి పెంచే ట్యూన్ వేయించాక కుదుటపడింది. టర్బో, ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పొగ పైపు), పెట్రోలు పంపు, రెండు ట్యూన్‌లు, క్లచ్‌లు, కూలి అన్నీ కలిపితే ఆరు లక్షలు దాటింది. మొదట నాకు చెప్పిన అంచనాలో టర్బో, ఈసీయూ ట్యూన్ తప్ప మరేమీ లేవు.

మీరు చేయిస్తే గనుక ట్యూనర్‌తో ఒక్క సంగతి గట్టిగా చెప్పండి. 3,500 లోపు టార్క్‌ను 400 దాటనివ్వవద్దు. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బూస్ట్ పెడితే స్పార్క్ పడకముందే మంట అంటుకునే ప్రమాదం ఉంది, దాన్ని టైమింగ్ వెనక్కి జరిపి ఆపలేరు, ఒక్క దెబ్బకు పిస్టన్ పగలవచ్చు. ఇంజిన్ నూనె కూడా 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంతో ఉన్నది వాడండి. ఈ ముప్పుకు సంబంధించిన పరీక్ష ఆ ప్రమాణంలో ఉంది.

ట్రాక్ అన్నారు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద ఒక రోజు గడిపాను. 3.7 కిలోమీటర్ల చుట్టు. మొదటి రెండు చుట్లు స్వర్గం. మూడో చుట్టుకు గాలి వేడి, నాలుగో చుట్టుకు బ్రేకులు. బ్రేకు ప్యాడ్లు, ద్రవం మార్చకుండా వెళ్లినందుకు మిగతా పూటంతా చెట్టు కింద కూర్చుని ఇతరుల బండ్లు చూశాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు చూసినప్పటి కన్నా ఆ రోజు చప్పుడైతే ఎక్కువగా విన్నాను, అదొక్కటే లాభం.

పాలసీ కాగితం

వాహన బీమా సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. ఇంజిన్ గురించి ఇక్కడివారికి తెలిసినంత నాకు తెలియదు గనుక కాగితాల సంగతి మాత్రమే చెబుతాను.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారు చేసినప్పుడు నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఈసీయూలో వేసిన మ్యాప్ కంటికి కనిపించదు గనుక ఎవరూ పట్టుకోరని చాలామంది నాతోనే అంటుంటారు. రోడ్డు పక్కన ఆపిన కానిస్టేబుల్‌కు కనిపించకపోవచ్చు. పెద్ద ప్రమాదం జరిగి బండి మా ముందుకు వచ్చినప్పుడు మాత్రం, టర్బో మీది పార్టు నంబరు చదవడానికి మాకు ఒక టార్చిలైటు చాలు. మార్పును ముందుగా తెలియజేయలేదన్న కారణంతో సొంత నష్టం క్లెయిమ్ వివాదంలో పడితే, ఆరు లక్షలతో పోయే సంగతి కాదు.

డౌన్‌పైప్ మాట వచ్చింది కాబట్టి మరొకటి. కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది) తీసేసిన పైపు పెట్టించుకోవద్దు. కాలుష్య పరీక్షలో దొరకడం ఒక ఎత్తు, మీ వెనుక స్కూటర్ మీద వచ్చేవారు పీల్చేది మరొక ఎత్తు. బండిని ట్రాక్ కోసమే ఉంచుకుని ట్రైలర్ మీద తీసుకువెళ్లేవారి సంగతి వేరు. మీరు రోజూ ఆఫీసుకు వెళ్లే బండి అన్నారు.

నల్లకుంట నాలుగు చక్రాలు

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది వివరంగా రాస్తాను.

సబ్బు నీళ్ల పరీక్షలో అర బార్ కూడా ఎక్కకముందే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్ వైపు వెళ్లే హోస్ పైపు దగ్గర నురగ కుండ పొంగినట్టు పొంగింది. క్లాంపు కింద రబ్బరు అంచు బీటలు వారింది. ట్యూన్ వేసిన తర్వాత పెరిగిన ఒత్తిడికి అది నెమ్మదిగా తెరుచుకుని ఉంటుందని, చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుని వేడెక్కాక వదులయ్యేదని మెకానిక్ అభిప్రాయం. కొత్త పైపు, కొత్త క్లాంపు, నాలుగు ప్లగ్గులు మార్చి, ట్యాంకులో మిగిలిన పెట్రోలు తిరిగి అయిపోయాక ఎక్స్‌పీ100 నింపాను. అదే డైనో, అదే సాయంత్రం వేళ, బయట 38 డిగ్రీలు. వచ్చిన పీడనం 2,330. గాలి వేడి 61. టైమింగ్ వెనక్కి పోవడం ఒక సిలిండర్‌లో 2 డిగ్రీలకు తగ్గింది. సవరణ లేకుండా చక్రాల దగ్గర 263.

పంతులు గారూ, పాత కాగితంలో సవరించి రాసిన అంకెను ఇప్పుడు సవరణ లేకుండానే దాటినందుకు నవ్వొచ్చింది. పెట్రోలు, పైపు రెండూ ఒకేసారి మార్చాను గనుక ఏది ఎంత ఇచ్చిందో విడదీసి చెప్పలేనని మీరు తప్పు పడతారని తెలుసు, ఒప్పుకుంటున్నాను.

కాగితాల మనవిని తేలికగా తీసుకోలేదు. బీమా కంపెనీకి ట్యూన్ సంగతి రాసి అడిగాను, జవాబు రావలసి ఉంది. అది వచ్చేవరకు టర్బో ఆలోచన పక్కన పెట్టాను. పోలేదు, పక్కన పెట్టాను. ఎర్ర వీఆర్‌ఎస్ గారు రాసిన 6,000 దగ్గర 410 అన్న అంకె మాత్రం నిద్రలో కూడా వెంటాడుతోంది. ఈలోగా మంచి ఇంటర్‌కూలర్ ఒకటి వేయిస్తే డీఎస్‌జీకి ఏమైనా భారమవుతుందా?

ఆటోనగర్ పాతకాపు

భారం ఇంటర్‌కూలర్ వల్ల కాదు, మీ ట్యూన్ వల్ల ఇప్పటికే పడుతోంది. లీకు ఉన్నంతకాలం గేర్‌బాక్స్ తప్పించుకుంది. ఇప్పుడు పూర్తి టార్క్ దాని మీదికే వస్తుంది. మీ మొదటి పోస్టులో బండి 71,000 తిరిగిందని రాశారు. ఈ డీఎస్‌జీకి ప్రతి 60,000 కిలోమీటర్లకు నూనె, ఫిల్టరు మార్చాలి. ప్లగ్గుల బిల్లు చూపించారు గానీ గేర్‌బాక్స్ నూనె బిల్లు ప్రస్తావన ఎక్కడా లేదు. పాత యజమాని మార్చినట్టు రాతపూర్వకంగా లేకపోతే మార్చలేదనే అనుకోండి, ఇంటర్‌కూలర్‌కు ముందు ఆ పని చేయించండి.

నూనె మట్టం చూసేటప్పుడు దాని వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి, స్కానర్ పెట్టి చూడమనండి. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం బండి తీసుకువెళ్తే షెడ్డు చేరేసరికే అది దాటిపోతుంది. అందుకని ముందు రోజు రాత్రే అక్కడ వదిలి, తెల్లవారి మొదటి పనిగా చేయించుకోండి. దింపిన నూనెను వెంటనే పారబోయనివ్వకండి. ఒక గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. అడుగున మెరిసే పొడి దిగితే మాత్రం ఇంటర్‌కూలర్ ఆర్డరు కూడా ఆపి, ఆ సీసా ఫొటో ఇక్కడ పెట్టండి.